స్మార్ట్ సిటీ సరే.. ఊళ్ళ సంగతి? ఎటావా నుంచి రాయదుర్గం దాకా

స్మార్ట్ సిటీ మిషన్ 2025 మార్చి 31తో ముగిసింది. 2015 జూన్ 25న మొదలుపెట్టినప్పుడు ఐదేళ్ళ పని అన్నారు, సాగి సాగి దాదాపు పదేళ్ళు పట్టింది (మన ప్రాజెక్టు ప్లాన్లు గుర్తొచ్చి ఎవరూ నవ్వుకోకండి). వంద నగరాలు, కేంద్రం వాటా 48 వేల కోట్లు. మనవైపు నుంచి విశాఖ, కాకినాడ, తిరుపతి, అమరావతి, వరంగల్, కరీంనగర్ ఆ జాబితాలో ఉన్నాయి. ఇప్పుడిక ఇదే పని ఊళ్ళకి కూడా చేద్దాం, సెన్సర్లు పెడదాం, యాప్ ఇద్దాం, "స్మార్ట్ విలేజ్" అందాం అనే మాటలు మళ్ళీ వినబడుతున్నాయి. మన ఆఫీసుల్లో లంచ్ టేబుల్ దగ్గర కూడా.

నాకు అభ్యంతరమేమీ లేదు. కానీ ఎవరో నిన్ననే కనిపెట్టినట్టు మాట్లాడుతుంటే మాత్రం కాస్త ఇదిగా ఉంటుంది. సిటీలో ఉన్నవి ఊరికి కూడా తీసుకెళ్ళాలన్న ఆలోచనకి మన దేశంలో డెబ్భై ఐదేళ్ళ పైబడిన చరిత్ర ఉంది. ప్రతిసారీ ఓ కొత్త పేరు, అప్పటికి కొత్తదైన ఓ టెక్నాలజీ, ఓ బ్రహ్మాండమైన పైలట్.. ఆ తరువాత నిశ్శబ్దం. అలాగని అన్నీ ఆగిపోలేదు, కొన్ని నిలబడ్డాయి. ఏవి ఆగాయి, ఏవి నిలబడ్డాయి, ఎందుకు అన్నదే నా ఆసక్తి.

మొదలు పెట్టాల్సింది ఉత్తరప్రదేశ్‌లోని ఎటావా జిల్లా నుంచి. ఆల్బర్ట్ మేయర్ అని ఒక అమెరికన్ ఆర్కిటెక్టు. రెండో ప్రపంచ యుద్ధం టైములో అమెరికన్ ఆర్మీ ఇంజనీరుగా ఇండియా వచ్చాడు, నెహ్రూతో పరిచయమైంది. 1948లో ఎటావా జిల్లా మహేవా కేంద్రంగా 64 ఊళ్ళలో ఒక పైలట్ ప్రాజెక్టు మొదలుపెట్టాడు. వ్యవసాయానికి ఒకడు, ఆరోగ్యానికి ఒకడు, పశువులకి ఒకడు అని వేరు వేరు శాఖల వాళ్ళు ఊరి మీద పడకుండా, అన్నిటికీ కలిపి ఊళ్ళో ఒకే మనిషి ఉండాలి, రైతు ముందు అతనితో మాట్లాడాలి, పైనున్న నిపుణులందరూ అతని వెనక ఉండాలి అన్నది అసలు ఐడియా. మన భాషలో చెప్పాలంటే సింగిల్ పాయింట్ ఆఫ్ కాంటాక్ట్. మంచి విత్తనాలు, ఇటుక బట్టీలు, రోడ్లు, వయోజన విద్య.. చాలానే చేశారు, ఫలితాలు కూడా కనబడ్డాయి.

ఇక్కడో తమాషా ఏంటంటే, ఇదే మేయర్ ఆ తరువాత చండీగఢ్‌కి మొదటి మాస్టర్ ప్లాన్ గీశాడు. తోటి ఆర్కిటెక్టు నొవిట్స్కీ 1950లో విమాన ప్రమాదంలో పోవడంతో ఆ పని లె కార్బూజియే చేతికి వెళ్ళింది, పేరు కూడా ఆయనకే దక్కింది. అంటే స్వతంత్ర భారతదేశపు మొదటి "ప్లాన్డ్ సిటీ", మొదటి "ప్లాన్డ్ పల్లెలు" ఒకే మనిషి బల్ల మీద ఉన్నాయన్నమాట. నగరానికి ప్రత్యేకంగా ఇంజనీరింగ్ యంత్రాంగం, చట్టం, బడ్జెట్టు, పన్నులు వసూలు చేసే అధికారం అన్నీ అమిరాయి. ఎటావా ఊళ్ళకి ఒక ప్రాజెక్టు అమిరింది. ఈ తేడాని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ మళ్ళీ తగులుతుంది.

ఎటావా బావుందని 1952 అక్టోబర్ 2న దేశవ్యాప్తంగా 55 చోట్ల కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ప్రాజెక్టులు మొదలుపెట్టారు. బ్లాకు, బీడీవో, గ్రామసేవక్ అన్న మాటలు అప్పటివే. మన తాతల తరం ఇప్పటికీ "బ్లాకాఫీసు" అంటారు చూడండి, అదే ఇది. పైలట్‌ని స్కేల్ చేస్తే ఏమవుతుందో అదే అయింది. బ్లాకుకి సుమారు వంద ఊళ్ళు, పదిమంది గ్రామసేవకులు, అంటే తలకి పది ఊళ్ళు. సైకిలు మీద తిరిగే ఒక కుర్రాడు పది ఊళ్ళలో వ్యవసాయం, ఆరోగ్యం, చదువు, రోడ్డు అన్నీ చూడాలి, పైగా ఎన్ని కంపోస్టు గుంతలు తవ్వించావు అని పైనుంచి టార్గెట్లు. 1957లో బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ వేసి ఏమైందని చూస్తే తేలిందేమిటంటే, ఇది జనంలో చొరవ పుట్టించలేకపోయింది, ఎన్నికైన వాళ్ళ చేతికి అధికారమూ డబ్బూ ఇవ్వకపోతే ఇంతే సంగతులు అని. అలా పంచాయతీరాజ్ వచ్చింది. 1959లో రాజస్థాన్ మొదట, ఆ వెంటనే మన ఆంధ్రప్రదేశ్. నెహ్రూ షాద్‌నగర్ వచ్చి ప్రారంభించాడు. సమితి ప్రెసిడెంటు అన్న పదవికి ఒకప్పుడు ఉన్న దర్జా అంతా అక్కడి నుంచి వచ్చిందే. ఆ దర్జాకి తగ్గ డబ్బు మాత్రం ఎప్పుడూ రాలేదు.. అది ఇంకో పెద్ద కథ, ఇక్కడ వద్దు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన కథ. సిరిసిల్ల.

1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ (మనమందరం ఆర్ఈసీ అనేది) పుట్టింది. కరెంటు కంపెనీలకి పల్లెటూరు ఎప్పుడూ దండగ ఖాతానే. పది కిలోమీటర్లు స్తంభాలు పాతితే చివర్లో నాలుగు బల్బులు, రెండు మోటార్లు. అమెరికాలో 1930ల్లో ఇదే సమస్య వస్తే అక్కడి రైతులు కోఆపరేటివ్‌లు పెట్టుకుని సొంతంగా లైన్లు లాక్కున్నారు. ఆ పద్ధతి మన దగ్గర చూద్దామని అమెరికన్ సాయంతో ఐదు చోట్ల పెట్టారు. కర్ణాటకలో హుక్కేరి, గుజరాత్‌లో కోడినార్, మహారాష్ట్రలో ములా ప్రవర, యూపీలో లక్నో, మన దగ్గర సిరిసిల్ల. 1970లో పుట్టిన సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం (సెస్ అంటారు) ఈ రోజుకీ పని చేస్తోంది. పెద్ద కంపెనీ దగ్గర హోల్‌సేల్‌గా కరెంటు కొని చుట్టుపక్కల ఊళ్ళకీ, మరమగ్గాలకీ, బోరు మోటార్లకీ సరఫరా చేస్తుంది. వాడకందార్లే మెంబర్లు, వాళ్ళే ఓట్లేసి డైరెక్టర్లని ఎన్నుకుంటారు. 2022 డిసెంబర్‌లో జరిగిన ఎన్నికల్లో పార్టీలు ఏ లెవెల్లో కొట్టుకున్నాయో పేపర్లో చూసినవాళ్ళకి తెలుసు, అసెంబ్లీ ఎన్నిక అనుకోవాలి. చాలామంది దాన్ని చూసి "ఛీ, కరెంటు ఆఫీసులో కూడా రాజకీయమా" అన్నారు. నాకైతే ముచ్చటేసింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే ఎవరిని నిలదీయాలో జనానికి తెలుసు, నిలదీస్తే ఓటు పోతుందని ఆ మనిషికీ తెలుసు. ఇంతకంటే మంచి మానిటరింగ్ సిస్టమ్ నేనింకా చూడలేదు.

అలాగని కోఆపరేటివ్ అనగానే అద్భుతం అనుకోనక్కర్లేదు. అదే బ్యాచ్‌లో పుట్టిన ములా ప్రవర బకాయిల్లో మునిగి 2011లో లైసెన్సు పోగొట్టుకుంది. రాజకీయం రెండు వైపులా పదునే.

సిరిసిల్ల పుట్టిన ఐదేళ్ళకి ఇంకో ప్రయోగం, ఇది ఆకాశంలోంచి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా నాసా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఒక ఏడాదికి అప్పు తీసుకుని ఇస్రో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్ళకి నేరుగా టీవీ ప్రసారాలు చేసింది. పేరు సైట్. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మూడు మీటర్ల గొడుగు యాంటెన్నా, అది కూడా కోళ్ళ గూటికి కట్టే తీగ జాలీతో చేసింది. సెట్లు హైదరాబాదు ఈసీఐఎల్‌లో తయారయ్యాయి. పొద్దున బడిపిల్లలకి, సాయంత్రం అందరికీ కలిపి రోజుకి నాలుగు గంటలు. ఇందులో విశేషం ఏంటంటే హైదరాబాదుకి టీవీ 1977లో వచ్చింది. అంటే తెలుగు ప్రోగ్రాములు టీవీలో ముందు చూసింది సిటీ వాళ్ళు కాదు, పల్లెటూరి వాళ్ళు! మన చరిత్రలో ఒక టెక్నాలజీ ఊళ్ళకి ముందొచ్చి సిటీకి తరువాత వచ్చిన సందర్భం ఇదొక్కటే అనుకుంటా.

సైట్ ఫెయిలయిందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. సెట్లు చెడిపోతే బాగుచేసే ఏర్పాటు కూడా పద్ధతిగా నడిచింది. అది ఫెయిల్ కాలేదు, ముగిసింది. ఏడాది కాగానే నాసా తన ఉపగ్రహాన్ని వెనక్కి జరుపుకుంది. ఆ తరువాత నేల మీద పెట్టిన ట్రాన్స్‌మిటర్ల పరిధిలోకి వచ్చిన ఊళ్ళకి టీవీ మిగిలింది, రాని ఊళ్ళకి ఖాళీ డబ్బా మిగిలింది. 1982 ఏషియాడ్‌కి కలర్ టీవీ వచ్చేసరికి కథ మొత్తం నగరం చుట్టూ తిరగడం మొదలైంది. ఒక ఊరికి ఏడాదిపాటు టీవీ ఇచ్చి తీసేసుకుంటే ఆ ఊరికి ఏమనిపిస్తుంది అని ఎవరూ లెక్కేసినట్టు లేరు.

ఫోను సంగతి దీనికి పూర్తిగా తిరగేసి. 1984లో సీ-డాట్ పెట్టినప్పుడు శాం పిట్రోడా బ్యాచ్ ముందు చేసిన పని పెద్ద సిటీ ఎక్స్ఛేంజి కాదు, 128 పోర్టుల చిన్న రూరల్ ఎక్స్ఛేంజి. ఏసీ గది అక్కర్లేదు, దుమ్ముకి వేడికి తట్టుకోవాలి. బయటి దేశాల నుంచి వచ్చేవన్నీ ఏసీలో కూర్చోబెట్టాల్సినవే మరి. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిది పని మొదలుపెట్టింది. హార్డ్‌వేర్ వాళ్ళు దీన్ని గొప్పగా చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. కానీ నా లెక్కలో అసలు ఆవిష్కరణ ఆ మెషీన్ కాదు, దాని చివర్లో వేలాడే పసుపు బోర్డు. ఎస్టీడీ - ఐఎస్డీ - పీసీవో. ఒక కుర్చీ, ఒక మీటరు, గాజు తలుపు. ఆ బూతులో కూర్చునే మనిషికి ప్రతి కాల్‌కీ కమిషన్ వస్తుంది. లైను పోతే అతని రోజు కూలి పోతుంది. అందుకని లైన్‌మ్యాన్ వెంట పడి, టీ తాగించి, బతిమాలి, ఒక్కోసారి తగాదా పెట్టుకుని మరీ లైను బాగుచేయించుకునేవాడు. లైను మీద బతికే మనిషి ఒకడు దాని పక్కనే కూర్చుని ఉండటం వల్ల పోయిన లైను పోయినట్టే పడి ఉండలేదు. మొబైల్ వచ్చి ఆ బూతుల్ని మింగేసింది, అది వేరే విషయం.

ఇక మన కాలానికి వద్దాం. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. (మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఒకప్పుడు ఊళ్ళే. ఊరిని స్మార్ట్ చేయడానికి మనకి బాగా చేతనైన పద్ధతి ఊరిని సిటీలో కలిపేయడం. అమరావతి కూడా అంతే, 29 ఊళ్ళు కలిస్తే ఒక స్మార్ట్ సిటీ.) అదే 1998లో మహారాష్ట్రలో వారణా అనే చోట 70 ఊళ్ళకి కంప్యూటర్ కియోస్కులు పెట్టారు, "వైర్డ్ విలేజ్" అన్నారు. పంట ధరలు, వ్యవసాయ సలహాలు, ఇంటర్నెట్ అన్నీ వస్తాయన్నారు. ఏళ్ళు గడిచాక మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వాళ్ళు వెళ్ళి చూస్తే రైతులు వాడుతున్నది దాదాపు ఒకే పనికి. "నా చెరకు ఎంత తూగింది, నాకు ఎంత రావాలి". ఆ లెక్క అక్కడి సహకార చక్కెర ఫ్యాక్టరీది. కంప్యూటర్లు పాతబడి మూలుగుతున్నాయి. దాంతో వాళ్ళు ఏడు ఊళ్ళలో పీసీలు తీసేసి, మామూలు మొబైల్లో ఎస్ఎమ్ఎస్ పంపితే జవాబు వచ్చేలా చేశారు. రైతులకి అదే నచ్చింది. నవ్వు రావచ్చు గానీ నాకిది చాలా పెద్ద పాఠం. పోర్టల్ నిండా ఎన్ని ట్యాబులు పెట్టినా, జనానికి కావలసింది వాళ్ళ డబ్బుల లెక్క. అది చెప్పగలిగింది ఫ్యాక్టరీ ఉంది కాబట్టి. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాట్సాప్‌లో సేవలు మొదలుపెట్టినప్పుడు నాకు ముందు వారణానే గుర్తొచ్చింది.

2000లో మధ్యప్రదేశ్ ధార్ జిల్లాలో జ్ఞానదూత్ వచ్చింది. ఆ ఏడాదే స్టాక్‌హోమ్‌లో అవార్డు, పత్రికల నిండా ఫొటోలు. తరువాత కరెంటు లేక, డయలప్ లైను నిలవక, అన్నిటికంటే ముఖ్యంగా ఆఫీసులో వెనకవైపు పని మారక (కియోస్కులో అర్జీ పెట్టినా కాగితం తాలూకాఫీసులోనే ఆగుతుంది కదా) జనం రావడం తగ్గిపోయింది. ఫ్రంటెండ్ అదరగొట్టి బ్యాకెండ్ రాయకపోతే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అదే టైములో, 2002లో, పశ్చిమగోదావరి జిల్లాలో ఈ-సేవ కేంద్రాలని మండల కేంద్రాల్లో మహిళా సంఘాల చేతికి ఇచ్చారు. దానికి అవార్డుల హడావుడి అంత లేదు గానీ ఆ దారే 2011లో మీసేవ దాకా వచ్చింది. సర్టిఫికెట్టుకి ఇంత అని ఆపరేటర్‌కి వస్తుంది, మళ్ళీ ఆ పసుపు బోర్డు లెక్కే.

గోదావరి జిల్లాల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. మన ఫీల్డు వాళ్ళకి దగ్గరిది. సత్యం రాజుగారి కుటుంబం పెట్టిన బైర్రాజు ఫౌండేషన్ 2000ల మధ్యలో అక్కడి పల్లెటూళ్ళలో గ్రామ్‌ఐటీ అని బీపీవోలు నడిపింది. ఊళ్ళో డిగ్రీ చదివిన పిల్లలు ఊళ్ళోనే ఉండి కంప్యూటర్ మీద పని చేసేవాళ్ళు. అదే కుటుంబం అండతో 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు మొదలైంది. 2009 జనవరిలో సత్యం కూలింది. రెండిటికీ ఒకేసారి పెద్ద దిక్కు పోయింది. 108 మాత్రం బతికింది. జీవీకే వచ్చి చేతికి తీసుకుంది, అంతకంటే ముఖ్యంగా అప్పటికే దాని నిర్వహణ ఖర్చు ప్రభుత్వ బడ్జెట్లో ఒక పద్దు అయిపోయింది. ఏ ముఖ్యమంత్రి వచ్చినా తీసేయలేని పద్దు. గ్రామ్‌ఐటీకి అలాంటి పద్దూ లేదు, సొంత ఖాతాదార్లూ పెద్దగా లేరు. పిల్లల తెలివితేటల్లో లోపం లేదు, పని వచ్చే దారి ఒక్కటే ఉండింది.

ఇంతకీ పురా. కలాంగారి "పురా" గురించి మన తరానికి పరిచయం అక్కర్లేదు, స్కూల్లో వ్యాసాలు రాసిన వాళ్ళమే. పల్లెల్లో పట్టణ సదుపాయాలు అన్నదాని ఇంగ్లీషు పొడి అక్షరాలు కలిపితే "పురా", వినడానికి మన "పురం" లాగానే ఉంటుంది కాబట్టి పేరు మాత్రం భలే కుదిరింది. దీని వెనక ఆలోచన చాలావరకు ఐఐటీ మద్రాసు డైరెక్టర్‌గా చేసిన పి.వి. ఇందిరేశన్‌గారిది. ఒక్కో ఊరికి ఒక హాస్పిటలు, ఒక కాలేజీ పెట్టలేం. కానీ పదీ పదిహేను ఊళ్ళని కలుపుతూ ఒక రింగు రోడ్డు వేసి, దాని మీద రెండు వైపులా బస్సులు తిప్పితే ఆ ఊళ్ళన్నీ కలిసి ఒక పట్టణంతో సమానం. ఒక ఊళ్ళో హాస్పిటలు, ఇంకో ఊళ్ళో కాలేజీ, మరోచోట మార్కెట్టు. ఎవరూ ఊరు వదలక్కర్లేదు. రోడ్డు, నెట్టు, చదువు, వీటన్నిటి మీదా నడిచే సంపాదన. నిజంగా అందమైన డిజైన్, ఇప్పుడు చదివినా మెచ్చుకోవాల్సిందే.

2003 ఆగస్టు 15న వాజపేయి ఎర్రకోట మీద ప్రకటించారు. 2004-05 నుంచి మూడేళ్ళు ఏడు చోట్ల పైలట్. అందులో ఒకటి మన రాయదుర్గం. మెట్రో చివరి స్టేషను కాదండీ, అనంతపురం జిల్లా రాయదుర్గం. ఇంకొకటి యూపీలో భర్థనా. భర్థనా ఏ జిల్లాలో ఉందో చూడండి.. ఎటావా! యాభై ఆరేళ్ళ తరువాత అదే జిల్లాలో, అదే పనికి, మళ్ళీ "పైలట్". ఇది కనబడిన రోజు నేను కాసేపు మ్యాప్ అలా చూస్తూ ఉండిపోయాను.

ఫలితం? గ్రామీణాభివృద్ధి శాఖే తరువాత రాసుకున్న పాఠాలు చదివితే సరిపోతుంది. సరైన బిజినెస్ ప్లాన్ లేదు, కట్టినవి స్థానిక అవసరాన్ని బట్టి కట్టినవి కావు, వేరే స్కీములతో కలవలేదు, రాష్ట్రాల స్థాయిలో ఇది మాది అనుకున్నవాళ్ళు లేరు. ఇందిరేశన్‌గారి డిజైన్లో గుండెకాయ ఆ రింగు రోడ్డు మీద తిరిగే బస్సు. పైలట్లలో డబ్బు విడివిడి రోడ్డు ముక్కలకీ, బిల్డింగులకీ పోయింది. 2010లో ప్రైవేటు భాగస్వామ్యం అంటూ మళ్ళీ మొదలుపెట్టారు, అదీ ఎక్కువ దూరం పోలేదు.

ఇక స్మార్ట్ సిటీకి తమ్ముడు రూర్బన్. 2016 ఫిబ్రవరి 21న ఛత్తీస్‌గఢ్‌లో ప్రారంభం. 300 క్లస్టర్లు, 5,142 కోట్లు. భాగహారం చేయండి. సిటీకి 480 కోట్లు, క్లస్టర్‌కి 17 కోట్లు. జనాభా తేడా ఉంది కదా అనొచ్చు, న్యాయమే. మైదాన ప్రాంతంలో క్లస్టర్ అంటే పాతిక వేల నుంచి యాభై వేల మంది. తలకి 3,500 నుంచి 7,000 మధ్య పడుతుంది. కాకినాడలో 2011 లెక్కల ప్రకారం మూడు లక్షల పైచిలుకు జనం, తలకి 15 వేల దాకా. రాష్ట్రం కలిపే వాటా వేరే. పైగా సిటీలో ఎక్కువ డబ్బు ఎంచుకున్న ఒక ముక్క మీదే పెట్టారు కాబట్టి ఆ ముక్కలో ఉన్నవాళ్ళకి ఇంకా ఎక్కువే పడింది.

అయినా నన్ను బాధపెట్టేది ఈ డబ్బు తేడా కాదు. ప్రతి స్మార్ట్ సిటీకీ కంపెనీల చట్టం కింద ఒక సొంత కంపెనీ, దానికో సీఈవో, వెనక ఎలాగూ ఒక కార్పొరేషను, ఇంజనీర్లు, ఆస్తి పన్ను. రేపు సీసీ కెమెరా పనిచేయకపోతే ఎవరో ఒకరి టేబుల్ మీదకి ఫైలు వెళుతుంది (వెళ్ళాక కదులుతుందా అంటే నన్నడక్కండి). రూర్బన్ క్లస్టర్ పది పంచాయతీల గుంపు. ఆ గుంపుకి ఆఫీసు లేదు, పన్ను లేదు, ఎన్నిక లేదు, దాని పేరు మీద బ్యాంకు అకౌంటు తెరిచే సర్పంచి లేడు. పైగా ఖర్చులో కేంద్రం ఇచ్చిన గ్యాప్ ఫండింగు ముప్ఫై శాతం దాకానే, మిగతాది ఉన్న స్కీముల్లోంచి ఏరి కలుపుకోవాల్సి వచ్చేది. ఆ కలపడం ఎవరు చేయాలి? జిల్లా ఆఫీసులో కాంట్రాక్టు మీద ఉన్న ఇద్దరు ముగ్గురు నిపుణులు. మూడేళ్ళ తరువాత కట్టిన గోడౌనుకి తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలి? మన దగ్గర అయితే ప్రొడక్షన్ సపోర్ట్ టీమ్ పేరు రాయకుండా రిలీజ్‌కి ఎవరూ సంతకం పెట్టరు.

చివరగా ఫైబరు. రెండున్నర లక్షల పంచాయతీలకి ఆప్టికల్ ఫైబర్ అని 2011 అక్టోబర్‌లో ఆమోదించారు, రెండేళ్ళలో అయిపోతుందన్నారు. 2015లో భారత్‌నెట్ అని పేరు మార్చారు. పంచాయతీ ఆఫీసు దాకా తీగ లాగి గోడకి డబ్బా బిగించడంతో టార్గెట్ లెక్కలో టిక్ పడిపోయేది. ఆఫీసుకి తాళం వేస్తే డబ్బాకి కరెంటు లేదు, రోడ్డు వెడల్పు చేస్తే తీగ లేదు. 2023 ఆగస్టులో 1,39,579 కోట్లతో దీన్ని మళ్ళీ తిరగరాశారు. ఇందులో నాకు నచ్చిన మాట ఒకటే. ఇంటింటికీ కనెక్షను ఇచ్చి చూసుకునే పని ఊళ్ళోనే ఉన్న ఒక మనిషికి ఇస్తారు, ఆదాయంలో సగం అతనికి. కిత్తూరు ఎక్స్ఛేంజి తరువాత ముప్ఫై ఏడేళ్ళకి మళ్ళీ ఎస్టీడీ బూత్ దగ్గరికి వచ్చామన్నమాట.

ఊళ్ళో తీగ తెగితే ఆ కుర్రాడు పరిగెడతాడు, అనుమానం లేదు, అతని నెల సంపాదన దాని మీదే ఉంది. మండలం నుంచి ఊరికి వచ్చే తీగ తెగితే మాత్రం అతను ఒక టోల్‌ఫ్రీ నెంబరుకి ఫోన్ చేసి కంప్లయింట్ నెంబరు రాసుకుని కూర్చోవాలి. సిరిసిల్లలో కరెంటు పోతే జనం తాము ఓటేసిన డైరెక్టర్ ఇంటికి వెళతారు. ఇక్కడ ఆ ఇల్లు లేదు. డబ్బా పంచాయతీ ఆఫీసులోనే ఉన్నా దానికి పంచాయతీ ఓనరు కాదు, కాంట్రాక్టులో పార్టీ కూడా కాదు. ఆ కాంట్రాక్టులో మండలానికో సహకార సంఘాన్నో, కనీసం పంచాయతీనో ఒక పార్టీగా రాస్తే, ఎన్ని గంటల్లో బాగుచేయాలో అడిగే హక్కు దానికి ఇస్తే, సెన్సర్ల సంగతి ఆ తరువాత తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.